ఏరువాకకు ముందు ట్రాక్టరు రేడియేటరు కడుగుట, కూలెంటు మార్చుట

ఏరువాక దగ్గరపడినది. నాగళ్ళు, గొఱ్ఱులు, దమ్ము చక్రములు బయటికి తీసి చూచుకొనుచున్న మన సభ్యులు ఇంజను ఆయిలు మార్చుటను, డీజిలు ఫిల్టరు మార్చుటను మఱవరు. కాని రేడియేటరు మూత తీసి లోపలి నీరు ఏ రంగున నున్నదో చూచువారు అరుదు. నీరు తగ్గినచో బోరు నీరు ఒక బిందెడు పోయుదురు. అంతటితో పని తీరినదని తలంతురు. పిమ్మట దమ్ము చేయు దినములలో, మోకాలిలోతు బురదలో, బండి మెల్లగా కదలుచు ఇంజను మాత్రము నిండు బలముతో లాగుచుండగా, ముందు నుండి ఆవిరి బుస్సున లేచి బండి నడిమడిలో నిలిచిపోవును. ఆనాడు కాలువ వంతు తప్పును, నారు ముదురును, నాట్లకు వచ్చినవారు గట్టు మీద కూర్చుందురు. హెడ్డు గ్యాస్కెట్టు కాలినను, హెడ్డు వంగినను అగు ఖర్చు వేఱు. పాతబడిన ట్రాక్టరును దృష్టియందుంచుకొని ఈ పాఠమును వ్రాయుచున్నాము. పాత జీపులకును, అంబాసిడరు కారులకును క్రమ మిదియే.

ఇంజనులో మనము పోసిన డీజిలు యొక్క శక్తి యంతయు చక్రములకు చేరదు. ఇంచుమించు మూడవ వంతు మాత్రమే పనికి వచ్చును. మూడవ వంతు సైలెన్సరు దారిని పొగతో పోవును. తక్కినదానిలో హెచ్చు భాగము ఇంజను చుట్టునున్న నీటిలో దిగును. సిలిండరులో మండు వాయువు యొక్క వేడి ఒక్కొక్క క్షణమున 2000 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. అట్టి మంటలో పిస్టను కరగక నిలుచుటకు కారణము, దాని గోడ కావల తిరుగుచున్న ద్రవము ఆ వేడిని తీసికొనిపోయి రేడియేటరులో గాలికి ఒప్పగించుటయే. పంపు దానిని త్రిప్పును, ఫ్యాను గాలిని లాగును, థర్మోస్టాటు అను చిన్న తలుపు ఎప్పుడు త్రోవ తెఱవవలెనో నిర్ణయించును. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చెడినను ఫలము ఒక్కటే.

ఇక మన బోరు నీటి సంగతి. స్నానమునకు నీళ్ళు కాచు కాగు లోపల కొన్ని నెలలకు తెల్లని గట్టి పొర పట్టుట ప్రతి ఇంటను చూచుచున్నదే. నీటిలో కరిగియున్న సున్నపు లవణములు వేడికి విడివడి అట్లు గోడకంటును. ఇంజనులోపల జరుగునదియు అదియే. ఐతే కాగును చింతపండుతో తోమవచ్చును, ఇంజను లోపలికి చేయి పోదు. ఈ పొర లోహముకంటె అనేక రెట్లు తక్కువగా వేడిని పోనిచ్చును. కావున వెంట్రుక మందము పొర పట్టినను, లోపలి గోడ వేడెక్కుచుండ బయటి నీటికి ఆ వేడి తెలియదు. గేజి ముల్లు మధ్యనే యుండును, హెడ్డు మాత్రము కాగుచుండును. పాత బండ్లలో గేజిని చూచి మోసపోవుట ఇందువలననే.

"త్రాగు నీరే కదా పోయుచున్నాము" అని కొందఱు వాదింతురు. త్రాగుటకు పనికివచ్చు నీరెల్ల ఇంజనుకు పనికిరాదు. భారతీయ ప్రమాణాల సంస్థ త్రాగునీటిలో లీటరునకు 500 మిల్లీగ్రాముల వఱకు కరిగిన లవణము లుండవచ్చుననియు, వేఱు నీరు దొరకనిచోట 2000 వఱకు సహింపవచ్చుననియు నిర్ణయించినది. మన మెట్ట ప్రాంతపు బోరులలో లీటరునకు 1000 మిల్లీగ్రాములుండుట వింత కాదు. అట్టి నీరు దినమునకు ఒక లీటరు చొప్పున అఱువది దినములు ఆవిరియై పోగా మరల మరల నింపితిమనుకొందము. నీరు పోవును గాని లవణము పోదు. 60 గ్రాములు, అనగా ఒక పిడికెడు, ఇంజనులోనే నిలుచును. కొంత అడుగున బురదయగును, కొంత గోడకంటును, కొంత రేడియేటరు సన్నగొట్టములను పూడ్చును. ఏటేట ఇట్లు జరిగిన బండిని విప్పినప్పుడు, గొట్టములు సగమునకు పైగా మూసికొనిపోయి యుండుట మేము పలుమాఱులు చూచితిమి.

పెద్దలు మఱియొక మాట చెప్పుదురు: "మా కాలమున నూనె ఇంజనుకు బావి నీరే పోసితిమి, ఏమియు కాలేదు." నిజమే. ఆ ఇంజనులో బావి నుండి వచ్చు చల్లని నీరే ఎడతెగక ఒక ప్రక్క చొచ్చి ఒక ప్రక్క బయటికి పాఱుచుండెను; నీరు అంతగా కాగుటకు అవకాశమే లేదు. తొలినాటి మోటారు కారులును అట్టివే. 1908 లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారులో, మొదటి రెండు మూడు వేల బండ్లను విడిచిన, నీటి పంపే లేదు. వేడి నీరు పైకి లేచి చల్లని నీరు క్రిందికి దిగు స్వభావము మీదనే నడచినది. అది ఇరువది గుఱ్ఱముల బలము గల ఇనుప ఇంజను. నేటి ట్రాక్టరు దానికి రెండింతలు బలమును తీయుచు, మూత బిగించి ఒత్తిడిలో నడచును. ఇనుము, అల్యూమినియము, రాగి, ఇత్తడి, టంకము, రబ్బరు అన్నియు ఒకే నీటిలో మునిగియుండును. ఇన్ని లోహములు ఉప్పు నీటిలో కలిసియున్నచో ఒకటి రెండవదానిని తినును.

అందుకొఱకే కూలెంటు. దీనిలో ముఖ్య పదార్థము ఇథిలీన్ గ్లైకాలు. చలిదేశములలో రాత్రి నీరు గడ్డకట్టి ఇంజను పగులకుండుటకు దీనిని వాడుట మొదలిడిరి. సగము నీరు, సగము గ్లైకాలు గల మిశ్రమము సున్నకు క్రింద 37 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. లంబసింగి చలి మాట యెట్లున్నను, మన దేశమున ఆ గుణముతో మనకు పెద్దగా పనిలేదు. మనకు కావలసిన వి రెండు. మొదటిది, ఆ మిశ్రమము మామూలు గాలి ఒత్తిడిలో 107 డిగ్రీల దాపున గాని మరుగదు. మూత ఒత్తిడి తోడైనచో ఇంకను పైకి పోవును. రెండవది, అంతకన్న ముఖ్యమైనది, దానిలో కలిపిన త్రుప్పు నివారక ద్రవ్యములు. ఇవి కాలక్రమమున అయిపోవును. చూచుటకు రంగు పోకున్నను లోపలి మందు తీరియుండవచ్చును. పాత రకపు కూలెంటును రెండేండ్లకొకసారి మార్చవలెను. క్రొత్త రకములు కొన్ని ఐదేండ్లు నిలుచును. ఆకుపచ్చ, ఎఱుపు, నీలము అను రంగులను నమ్మరాదు. రంగు కంపెనీవారి యిష్టము. దానికి కట్టడి లేదు. రెండు రకములను కలిపినచో ఒకదాని మందు ఒకటి చెఱచుకొనును, ఒక్కొక్కప్పుడు ముద్దగా విఱుగును. బండితో వచ్చిన పుస్తకములో ఏ రకము వ్రాసియున్నదో అదే పోయవలెను. రాగి ఇత్తడి రేడియేటరును టంకముతో అతికిన పాత బండ్లకు ఈ మాట మఱింత ముఖ్యము.

డీజిలు ఇంజనుకు ఇంకొక కీడు కలదు, దీనిని తెలిసినవారు తక్కువ. పెక్కు ట్రాక్టరులలో పిస్టను తిరుగు లైనరు నేరుగా నీటిలోనే నిలిచియుండును. పిస్టను కొట్టుకొనినప్పుడెల్ల ఆ లైనరు గంటవలె అదరును. ఆ అదరుటకు బయటి నీటిలో కంటికి కనబడని బుడగలు పుట్టి, వెంటనే లైనరు మీదనే పగులును. లక్షల మాఱులు ఇట్లు జరుగగా ఇనుము చీమలు తొలిచినట్లు గుంటలు పడి, తుదకు చిల్లి యగును; నీరు చాంబరులోని ఆయిలులో దిగును. మంచి కూలెంటులోని మందు లైనరుకు పలుచని కవచము కట్టి దీనిని ఆపును. వట్టి నీరు ఆపదు.

ఇక పని క్రమము. బండిని సమతలమున నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు పెట్టి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనవలెను. రాత్రియంతయు చల్లారిన బండి మీద తెల్లవాఱుజామున చేయుట మంచిది. వేడి మీద మూత తీయరాదు. మూత బిగించియున్నప్పుడు లోపల 110 డిగ్రీల నీరు నీరుగానే యుండును. మూత కదలిన క్షణముననే ఆవిరియై ముఖము మీదికి ఎగయును. తప్పనిసరిగా తీయవలసి వచ్చినను చేయి తాకి ఓర్చుకొనగలిగిన వఱకు ఆగి, దళసరి గుడ్డ మడతలు వేసి కప్పి, ముఖము ప్రక్కకు త్రిప్పి, మొదటి మెట్టు వఱకు మాత్రమే త్రిప్పి, బుస్సుమను శబ్దము పూర్తిగా ఆగిన పిమ్మట తీయవలెను.

క్రింద వెడల్పైన టబ్బు పెట్టి రేడియేటరు అడుగు కుళాయిని విప్పవలెను. ఇంజను దిమ్మె ప్రక్కన ఇంకొక డ్రెయిను ప్లగ్గు ఉండును. దానిని విప్పనివాడు సగము పాత నీటిని లోపలనే ఉంచినవాడగును. త్రుప్పుతో పూడి ఆ రంధ్రము నుండి నీరు రాకున్నచో సన్నని తీగతో పొడిచి తెఱవవలెను. వచ్చిన నీటిని పరిశీలింపుడు. ఎఱ్ఱమట్టి రంగైనచో త్రుప్పు. తెల్లని పలుకులున్నచో సున్నము. నీటిపై నూనె తెట్టు తేలినను, ఆయిలు కొలత కడ్డీ మీద ఆయిలు పాలు కలిపిన టీ రంగున నున్నను, అక్కడనే ఆగవలెను. అది కడుగుటతో పోవు జబ్బు కాదు. గ్యాస్కెట్టో, లైనరో, ఆయిలు కూలరో పోయినది. ఆ బండిని స్టార్టు చేయక మేస్త్రీని పిలువవలెను.

నీరంతయు దిగిన పిమ్మట ప్లగ్గులు బిగించి, మంచి నీరు నింపి, ఇంజను నడపవలెను. పైగొట్టము మీద చేయి ఉంచినచో మొదట చల్లగా నుండి, కొంత సేపటికి ఒక్కసారిగా వేడెక్కును. థర్మోస్టాటు తెఱచికొనినదని అర్థము. అంతకు ముందు ఇంజను లోపలి నీరు రేడియేటరులోనికి రానేరాదు గనుక, తొందరపడి ఆపిన కడుగుట వ్యర్థము. కారులో హీటరున్నచో దానిని పూర్తిగా తెఱచి యుంచవలెను. అటుపై ఆపి, చల్లార్చి, వదలవలెను. వచ్చు నీరు తేటయగు వఱకు మూడు నాలుగు మాఱులైనను ఇట్లు చేయవలెను. రేడియేటరును విడిగా క్రింది నుండి పైకి, అనగా నీరు నడచు దారికి ఎదురుగా, మెల్లని ధారతో కడిగినచో పూడిక బాగుగా వదలును. పంక్చరు షాపు కంప్రెసరు గాలి పెట్టరాదు, అతుకులు విడిపోవును.

గట్టి సున్నపు పొర నీటికి పోదు. దానికి దుకాణములలో ప్రత్యేకముగా అమ్ము రేడియేటరు ఫ్లష్షు మందును, డబ్బా మీద వ్రాసిన పాళ్ళలో, వ్రాసినంత సేపే వాడి, పిమ్మట కనీసము రెండు మూడు మాఱులు వట్టి నీటితో కడుగవలెను. కొందఱు మరుగుదొడ్డి కడుగు యాసిడ్డు పోయుదురు. సున్నము పోవుట నిజమే, దానితో లోహమును పోవును. పాత పుస్తకములలో చాకలి సోడా వాడుమని యుండును. అది ఇనుము, రాగి మాత్రమే గల కాలపు మాట. అల్యూమినియమును సోడా తినివేయును. చిల్లులు మూయుటకు పసుపు పొడి పోయు వాడుకను కూడ మానవలెను. దారిలో ఊరు చేరుటకు అది సాయపడవచ్చును గాని, చిల్లితోపాటు సన్నగొట్టములను కూడ మూయును.

కడిగిన పిమ్మట రేడియేటరు కాఱుట మొదలైనదని కొందఱు ఫిర్యాదు చేయుదురు. పాత బండిలో ఇది జరుగును. చిల్లి అంతకు ముందే యున్నది. మురికి దానిని కప్పినది, కడుగుట బయటపెట్టినది. దమ్ము నడుమ తెలియుటకంటె ఇంటివద్ద తెలియుట మేలు. కావుననే ఈ పనిని వానలకు రెండు వారముల ముందు పెట్టుకొనుడని చెప్పుచున్నాము.

ఈ సందున థర్మోస్టాటును పరీక్షింపవచ్చును. దానిని విప్పి, గిన్నె నీటిలో దారముతో వ్రేలాడదీసి కాచినచో, దానిపై చెక్కిన అంకె దాపున, సాధారణముగా 82 డిగ్రీల వద్ద, తెఱచికొనవలెను. తెఱవనిచో క్రొత్తది వేయవలెను. "మన ఎండలకు థర్మోస్టాటు ఎందుకు" అని దానిని తీసి పాఱవేయు మేస్త్రీలు ప్రతి మండలమునను కలరు. తీసివేసినచో ఇంజను తగిన వేడికి చేరుటకు చాల సేపు పట్టును. డీజిలు సరిగా మండదు, ఆయిలు చెడును, లైనరు త్వరగా అరుగును. ఖర్చు కనబడదు గనుక ఈ సలహా బ్రదికియున్నది.

నింపుటలో ఒక లెక్క కలదు. ఎంత వదలినను ఇంజను మూలలలో కడిగిన నీరు కొంత నిలుచును. అందువలన, కలపని చిక్కని కూలెంటు కొన్నవారు ముందు దానినే పోయవలెను. బండి మొత్తము 10 లీటరులు పట్టునదైనచో 5 లీటరుల చిక్కని కూలెంటు పోసి, నిండు వఱకు మిగిలినది డిస్టిల్డు వాటరు, అనగా బ్యాటరీలో పోయు నీరు, పోయవలెను. అప్పుడు లోపల నిలిచిన నీటితో కలిసి సగము సగము అగును. కలిపి అమ్ము కూలెంటునే పోసినచో, నిలిచిన నీరు దానిని పలుచన చేయును. మంచిదని చెప్పి నీరు లేకుండ చిక్కనిదే నింపుట తప్పు. గ్లైకాలు నీటియంతగా వేడిని మోయలేదు. డిస్టిల్డు వాటరు దొరకనిచోట, మొదటి రెండు మూడు వానలు మిద్దెను కడిగిన పిమ్మట పట్టి వడగట్టిన వాన నీరు బోరు నీటికంటె ఎంతయో నయము.

మెల్లగా పోయవలెను, తొందరగా పోసినచో లోపల గాలి చిక్కుకొనును, గాలి యున్నచోట లోహము కాలును. గాలి వదలు మర ఉన్న బండిలో దానిని విప్పియుంచవలెను. మూత తీసియే ఇంజనును మెల్లగా నడపుచు పైగొట్టమును పిసికినచో బుడగలు వచ్చును. మట్టము తగ్గినకొలది పోయవలెను. గొట్టము వేడెక్కి బుడగలు ఆగిన పిమ్మట మూత వేయవలెను. మూత రబ్బరు పగిలియున్నచో అదే అంకె గల మూత కొనుడు. మూత చెడినచో ఒత్తిడి నిలువదు, ఒత్తిడి నిలువనిచో కూలెంటు ముందుగా మరుగును. మఱునాడు చల్లని ఇంజనులో మట్టము మరల చూడవలెను.

లోపల కడిగి బయట మఱచువారు కలరు. నూర్పిళ్ళలో ఎగిరిన ఊక, ధూళి రేడియేటరు రెక్కల నడుమ కంబళివలె పట్టును. ఇంజను వైపు నుండి ముందుకు నీరు చల్లి కడుగవలెను. బెల్టు వదులుగా నున్నదేమో కూడ చూడుడు.

ఇప్పుడు టబ్బులో నున్న పాత కూలెంటు మాట. దీనిని కడపట వ్రాసినను మొదట జ్ఞాపకముంచుకొనవలసినది. ఇథిలీన్ గ్లైకాలు తియ్యగా నుండు విషము. పెరటిలో గుంటగా నిలిచినచో కుక్క నాకును, దూడ త్రాగును, తియ్యగా నున్నదని బిడ్డ వ్రేలు ముంచి నోట పెట్టును. పెద్దవానిని చంపుటకు 100 మిల్లీలీటరులు, అనగా చిన్న గ్లాసెడు, చాలును. మొదట త్రాగినవానివలె తూలుట మాత్రమే కనబడును. తరువాత తేఱుకొనినట్లు తోచును. ఒకటి రెండు దినములలో మూత్రపిండములు చెడును. కావున ఎవరైనను మ్రింగినట్లు అనుమానము కలిగినచో, బాగుగనే యున్నాడని ఆగక, ఆ డబ్బాను వెంట తీసికొని వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. తొలిగంటలలో దీనికి విరుగుడు మందు కలదు. ఆలస్యమైన పిమ్మట అది అంతగా పనిచేయదు. పశువు త్రాగినచో పశువైద్యునికి కబురు పంపవలెను.

పాత కూలెంటును కాలువలోను, చెఱువులోను, పశువుల తొట్టి దాపునను పోయరాదు. మొదటి కడుగు నీటిలోను గ్లైకాలు ఉండును గనుక దానిని కూడ పట్టియుంచవలెను. మూత గట్టిగా పడు కూలెంటు డబ్బాలోనే మరల పోసి, పైన పెద్ద అక్షరములతో "విషము" అని వ్రాసి, పురుగు మందుల అలమరలో తాళము వేసి ఉంచి, పాత ఆయిలు తీసికొను సర్వీసు కేంద్రమువారు దీనిని కూడ తీసికొందురేమో విచారించి వారికి అప్పగింపవలెను. చల్లని పానీయపు సీసాలలోను, బ్రాంది సీసాలలోను దీనిని ఎన్నడును పోయరాదు. ఆకుపచ్చగా, తేటగా, తియ్యగా నుండు దానిని పిల్లవాడు షర్బతని కాక మఱేమనుకొనును?

మడిలో బండి వేడెక్కినచో ఏమి చేయవలెనో చెప్పి ముగించెదము. లోడు తీసి, కొన్ని నిమిషములు మెల్లగా నడిపి ఆపవలెను. ఐతే కూలెంటు బయటికి పోవుచున్నను, గొట్టము పగిలినను వెంటనే ఆపవలెను. వేడి ఇంజనులో చల్లని నీరు పోసినచో హెడ్డు పగులును. చల్లారనిచ్చి, మూత తీసి, తగ్గినంత పోయవలెను. ఆ దినమున బోరు నీరే గతియైనచో పోయుడు, కాని నాట్లు ముగియగానే వదలి కడిగి మార్చుడు. మార్చిన తేదీని, పోసిన రకమును, ఎన్ని లీటరులు పట్టినదో కూడ పనిముట్ల పెట్టె మూత లోపల రంగుతో వ్రాసి యుంచినచో, డ్రైవరు మాఱినను లెక్క మాఱదు. సంఘములో అద్దెకు తిరుగు ట్రాక్టరులకు ఈ మూడు వివరములను బండి రిజిస్టరులో ఎక్కింపవలెను. ఒకే రకము కూలెంటు వాడు సభ్యులు నలుగురైదుగురు కలిసి పెద్ద డబ్బా కొని పంచుకొనినచో ధరలోను కొంత కలిసివచ్చును.